‘బలం’ అనే మాట

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి యాంత్రికశాస్త్రంతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. అడగడం న్యాయమే. ఇంటర్మీడియట్‌తో లెక్కలకు దండం పెట్టి, అటుమీదట ప్రబంధాలూ వ్యాకరణమూ చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి నేను. అయినా ఈ వ్యాసం రాయక తప్పని పరిస్థితి ఒకటి మా ఇంట్లోనే ఏర్పడింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఇవాళ నేనెరిగిన రైతుల ఇళ్ళలో, కూలీల ఇళ్ళలో, చిల్లర కొట్టు నడుపుకునేవారి ఇళ్ళలో బి.టెక్. చదివే పిల్లో పిల్లవాడో వున్నారు. వాళ్ళలో చాలామంది మొదటి యేడు దాటేటప్పటికి ఒకే పేపరు దగ్గర చతికిలబడుతున్నారు. దాని పేరు ఇంజనీరింగు మెకానిక్స్. బలాలు, వాటి సమతాస్థితి, ఘర్షణ, వస్తువుల చలనం ఇందులోని విషయాలు. వంతెన కట్టేవాడికైనా యంత్రం బిగించేవాడికైనా అదే పునాది. ఆ పునాది పడని పిల్లవాడు పై అంతస్తులను కంఠస్థం చేసి కడుతున్నాడు.

మా అక్క కొడుకు ఆ పేపరు రెండుసార్లు తప్పాడు. అతడు చదివే కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఆ మాటకు వస్తే ఏ కాలేజీ అయినా ఒకటే. సంక్రాంతి సెలవుల్లో నాగావళి ఒడ్డున మా వూళ్ళో వుండగా అతడి నోటుపుస్తకం తిరగవేశాను. చక్కని దస్తూరీ. సమీకరణాలన్నీ వున్నాయి. కిందటి యేళ్ళ ప్రశ్నపత్రాల్లోని లెక్కలు ఒక్కటీ వదలకుండా చేశాడు. అంకెలు మారితే చేస్తాడు, బొమ్మ మారితే చెయ్యలేడు. ఎందుకని అడిగితే, "బొమ్మెయ్యడం ఎలగో నాకు తెల్దు మావా. బొమ్మ వాళ్ళే ఇచ్చీస్తే చేసీగల్ను" అన్నాడు.

మా వాకిట్లో పశువుల పాక పక్కన పాత ఏతాం దూలం ఒకటి పడివుంది. మా తాత దాని మీద నడిచి నీళ్ళు తోడినవాడు. ఏతాం ఎరగని పాఠకుల కోసం ఒక మాట: నూతి పక్కన రాట పాతి, దాని మీద పొడుగాటి దూలాన్ని ఇరుసుతో నిలిపి, ఒక కొసన తాడూ బొక్కెనా కడతారు. మనిషి దూలం మీద ముందుకు నడిస్తే బొక్కెన నూతిలోకి దిగుతుంది. వెనక్కు నడిస్తే నీళ్ళతో పైకి వస్తుంది. ఆ దూలాన్ని చూపించి మేనల్లుణ్ణి ఒక ప్రశ్న అడిగాను. బొక్కెనకు బదులు నలభై కిలోల బస్తా రాటకు మూడు మీటర్ల దూరాన కట్టి వుంది. అది ఇంకా నేల మీదే ఆని వుంది. అరవై కిలోల మనిషి రాటకు అవతల మీటరు దూరాన నిలబడ్డాడు. దూలం బరువు లెక్కలోకి తీసుకోవద్దు. రాట ఎంత బరువు మోస్తున్నది? మనిషి మరికాస్త వెనక్కు నడిస్తే ఆ బరువు మారుతుందా?

"అరవయ్యీ నలభయ్యీ వంద. ఎక్కడ నిలబడినా వందే గదా" అన్నాడు మేనల్లుడు.

చుట్ట కాల్చుకుంటూ అరుగు మీద కూర్చున్న మా నాన్న నవ్వాడు. ఆయన అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. "ఒరే బాబూ, బస్తా ఇంకా నేల మీదే వుంటే దాని బరువంతా రాట మీదికెలగొస్తాది? కొంత నేల మొయ్యట్లేదేటి? నువ్వు ఎనక్కెల్లినకొద్దీ రాటకి బరువెక్కుతాది. బస్తా లెగిసీదాకా ఎక్కుతాది" అన్నాడు.

నాన్న చెప్పిందే సరి. మనిషి మీటరు దూరాన వున్నప్పుడు తాడు బస్తాను ఇరవై కిలోల మేరకే లాగుతున్నది. తక్కిన ఇరవై నేల మోస్తున్నది. రాట మీద ఎనభై. మనిషి ఒకటిన్నర మీటర్లకు వెళితే తాడు లాగేది ముప్ఫై, రాట మీద తొంభై. రెండు మీటర్లకు చేరితే బస్తా లేచి రాట మీద నూరు పడుతుంది. (కిలో ద్రవ్యరాశికి కొలత గాని బరువుకు కాదని మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడు కోప్పడతాడు. ఇది బజారు లెక్క, పోనివ్వమన్నాను.) ఈ అంకెలు నాన్న చెప్పలేదు, చెప్పలేడు. మేనల్లుడు చెప్పగలడు. నేల కూడా మోస్తున్నదని అతడికి తట్టిన మరుక్షణం, అదే అరుగు మీద సుద్దముక్కతో రెండు నిమిషాల్లో లెక్క తేల్చాడు. ఒకే ఇంట్లో ఒకరి దగ్గర సూత్రం, మరొకరి దగ్గర ఇంగితం. రెండూ ఎప్పుడూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

ఈ ఘట్టాన్ని ఇక్కడితో ఆపి, రైతుకే అంతా తెలుసు, బడి చదువంతా వృథా అని రాసేస్తే మన పత్రికల్లో చప్పట్లు పడవచ్చు గాని అది అబద్ధం అవుతుంది. ఆ సాయంత్రమే మరో ప్రశ్న అడిగాను. రాయిని నిట్టనిలువుగా పైకి విసిరాం. చెయ్యి విడిచి అది ఇంకా పైకి పోతున్నది. ఆ క్షణాన రాయి మీద పనిచేసే బలాలేమిటి? నాన్న తడుముకోకుండా, "ఇసిరిన బలం దానిలో వుంటాది. అదయిపోగానే కిందికొచ్చేస్తాది" అన్నాడు. మేనల్లుడూ అదే అన్నాడు, కాకపోతే ఇంగ్లీషులో. ఇద్దరూ తప్పే. చెయ్యి విడిచాక, గాలి అడ్డును మినహాయిస్తే, రాయి మీద వున్నది భూమి లాగుడు ఒక్కటే. పైకి పోతున్నప్పుడూ అదే, కొసన క్షణకాలం ఆగినప్పుడూ అదే, దిగేటప్పుడూ అదే. ‘విసిరిన బలం’ అనేది రాయిలో ఎక్కడా లేదు. వున్నది చలనం. చలనం కొనసాగడానికి బలం అక్కర లేదు, మారడానికే కావాలి. మానవజాతి ఈ ఒక్క సంగతి గ్రహించడానికి అరిస్టాటిల్ నుంచి గెలీలియో దాకా రెండువేల యేళ్ళు పట్టింది గనుక మా నాన్ననూ మేనల్లుణ్ణీ తప్పు పట్టడానికి ఏమీ లేదు.

తెలుగు చదువుకున్నవాడిగా నాకు తట్టింది వేరొక సంగతి. మన భాషలో ‘బలం’ అంటే ఏమిటి? ఒకరి ఒంట్లో వుండేది. తిండివల్ల వచ్చేది, జబ్బువల్ల పోయేది. బలం వున్నవాడు, బలం లేనివాడు అంటాం. జనబలం, ధనబలం, అంగబలం అంటాం. ఎక్కడ చూసినా బలం ఒకరి సొత్తు. శాస్త్రంలో చెప్పే బలం ఎవరి సొత్తూ కాదు. అది రెండు వస్తువుల మధ్య జరిగే వ్యవహారం. తోసేవాడూ తోయబడేదీ ఇద్దరూ వుంటే తప్ప అది లేదు. ఆ సాంకేతికార్థానికి మన పండితులు ‘బలం’ అనే మాటను ఎన్నుకున్నారు. ఎన్నుకున్న తరువాత లోకంలో ఆ మాటకున్న అర్థమేమిటో, శాస్త్రంలో ఏమిటో ఏ తరగతిలోనూ పిల్లలకు విడమరచి చెప్పలేదు. బడిలో ఒక నిర్వచనం వల్లిస్తారు, బతుకులో ఇంకొక అర్థం వాడతారు, పరీక్షలో నిర్వచనం రాస్తారు, లెక్కలో బతుకు అర్థమే అడ్డు తగులుతుంది.

అయితే ఇది తెలుగు జబ్బు మాత్రమే కాదు. 1982లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ క్లెమెంట్ ఇదే ప్రశ్నను, రాయికి బదులు నాణెంతో, ఇంజనీరింగు విద్యార్థులను అడిగాడు. వాళ్ళ మాతృభాష ఇంగ్లీషే. వాళ్ళలోనూ అత్యధికులు విసిరిన బలం నాణెంలో వున్నదన్నారు. మెకానిక్స్ చదివిన తరువాత కూడా అదే అన్నారు. 1985లో అరిజోనాలో హల్లూన్, హెస్టెనెస్ అనే ఇద్దరు మరింత కలవరపెట్టే సంగతి బయటపెట్టారు. పాఠం ముందూ తరువాతా ఒకే పరీక్ష పెట్టి చూస్తే, అధ్యాపకుడు ఎవరైనా, ఎంత పేరున్నవాడైనా, విద్యార్థుల మౌలిక భావనల్లో వచ్చిన మార్పు స్వల్పం. అన్ని తరగతుల్లోనూ ఇంచుమించు ఒకే స్వల్పం. అంటే లోపం ఉపన్యాసకుడి చాతుర్యంలో లేదు, ఉపన్యాసం అనే పద్ధతిలోనే వున్నది. గంటసేపు గొంతు చించుకునే వృత్తిలో వున్న నాకు ఈ మాట అంత తేలిగ్గా మింగుడుపడలేదు.

1992లో హెస్టెనెస్, మరి ఇద్దరు కలిసి, లెక్క చెయ్యనక్కరలేని, మామూలు మాటల్లో బలాన్ని గురించి అడిగే ఒక ప్రశ్నావళి తయారుచేశారు. హార్వర్డులో ఎరిక్ మజూర్ అనే ఆచార్యుడు తన విద్యార్థులకు అటువంటి ప్రశ్నలే ఇస్తే, మీరు చెప్పినట్టు రాయాలా, నేను అనుకుంటున్నట్టు రాయాలా అని ఒకరు అడిగారట. ఆ ప్రశ్న ఆయన బోధననే మార్చింది. పాఠం మధ్యలో ఒక ప్రశ్న వెయ్యడం, ప్రతివాడూ తన జవాబు నిర్ణయించుకోవడం, పక్కవాడితో వాదించి ఒప్పించడానికి ప్రయత్నించడం, మళ్ళీ జవాబు చెప్పడం. ఇంతే. 1998లో రిచర్డు హేక్ 62 తరగతుల్లోని 6,542 మంది ఫలితాలు సమకూర్చాడు. విద్యార్థికి ముందు తెలియనిదాన్ని రూపాయి అనుకుంటే, మామూలు ఉపన్యాసపు తరగతుల్లో అతడు సంపాదించుకున్నది 23 పైసలు. విద్యార్థులు చేతులతో చేసి, నోళ్ళతో వాదించుకునే తరగతుల్లో 48 పైసలు. మూడోవంతుకూ సగానికీ మధ్య తేడా కాదు ఇది, ఇంచుమించు రెండింతలు.

ఇక్కడ మనకొక ప్రశ్న వస్తుంది. నోళ్ళతో వాదించుకోవడమే మందు అయినప్పుడు, వీరఘట్టం నుంచి, సోంపేట నుంచి, సాలూరు నుంచి వచ్చిన పిల్లలు ఏ భాషలో వాదించుకుంటారు? దీనికి జవాబు వెతకాలంటే చరిత్రలోకి కొంచెం వెనక్కు పోవాలి.

యాంత్రికశాస్త్రం పుట్టింది పండితుల గదుల్లో కాదు. గెలీలియో 1638లో వెలువరించిన చివరి గ్రంథం వెనిస్ నగరపు ఓడల కార్ఖానాలోని పనివాళ్ళ ప్రసక్తితో మొదలవుతుంది. గెలీలియో తన సంభాషణలను ఇటలీ జనం మాట్లాడే భాషలో రాశాడు, లాటినులో కాదు. 1632లో వచ్చిన ఆయన పుస్తకం మీద మతాధికారులు అంతగా మండిపడడానికి ఉన్న కారణాల్లో, అది పండితుల భాషలో దాక్కోకపోవడం ఒకటి కాదనలేం. 1931లో లండనులో జరిగిన విజ్ఞానశాస్త్ర చరిత్ర మహాసభలో సోవియట్ ప్రతినిధి బోరిస్ హెస్సెన్ చదివిన పత్రం ఈ విషయాన్ని సిద్ధాంతంగా మలిచింది. న్యూటన్ మహాగ్రంథంలోని సమస్యలు ఆనాటి ఓడ ప్రయాణాలూ గనులూ ఫిరంగులూ లేవనెత్తిన సమస్యలేనని ఆయన చూపాడు. వాదంలో మోటుదనం వున్నదన్న విమర్శ న్యాయమే. కాని బెర్నాల్ వంటివారి మీద దాని ప్రభావం గొప్పది. ఆ హెస్సెన్‌ను 1936లో స్వదేశంలోనే కాల్చి చంపారన్న సంగతిని మన పక్షం రచయితలు చాలాకాలం మింగి వూరుకున్నారు. ఆయన పేరు ఎత్తినప్పుడు ఆ మాటా చెప్పడం మన బాధ్యత.

పనిలోంచి పుట్టిన ఆ శాస్త్రం మనకు మాత్రం పనికి దూరంగా, కొలువుకు దగ్గరగా వచ్చింది. 1794లో మద్రాసులో సర్వే బడి పెట్టారు. పారిస్‌లో ఎకోల్ పోలిటెక్నిక్ పుట్టింది కూడా ఆ యేడే. అక్కడ విప్లవ ప్రభుత్వానికి ఇంజనీర్లు కావలసివచ్చారు, ఇక్కడ కంపెనీకి శిస్తు కట్టించే భూమిని కొలిచేవాళ్ళు కావలసివచ్చారు. 1847లో గంగ కాలువ కోసం రూర్కీ కాలేజీ. అదే యేడు ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట మొదలై 1852లో పూర్తయింది. 1859 నాటికి మద్రాసు సర్వే బడి సివిల్ ఇంజనీరింగు కాలేజీ అయింది. వీటి ప్రధాన ప్రయోజనం పబ్లిక్ వర్క్సు శాఖకు మనుషులను సరఫరా చెయ్యడం. మా పల్లెల్లో ఇంజనీరు అనే మాటకంటె ముందు ‘ఓవర్సీరు’ అనే మాట స్థిరపడింది. ఓవర్సీరు అంటే పని చేసేవాడు కాడు, చేయించేవాడు. రాయి ఎత్తే వడ్డెరవాడికి పలుగు ఎక్కడ ఆనిస్తే బండ లేస్తుందో తెలుసు. ఓవర్సీరుకు ఎన్ని గజాల పని అయిందో తెలుసు. ఈ రెండు తెలివిడులూ కలవకుండా కులమూ కొలువూ కలిసి కాపలా కాశాయి. నాగావళి మీద తోటపల్లి దగ్గర 1908లో కట్టిన పాత రెగ్యులేటరును చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తుకు వస్తుంది.

ఉత్తర కోస్తా వాటాకు ఈ చదువు రావడమూ ఆలస్యమే. 1857లో బడిగా మొదలై 1879లో కాలేజీగా ఎదిగిన విజయనగరం మహారాజా కళాశాల సాహిత్యానికి పుట్టినిల్లయింది గాని ఇంజనీరింగు మాట వేరు. 1946లో ‘విశాఖపట్నం ఇంజనీరింగు కాలేజీ’ అనే పేరుతో ఒకటి ఏర్పడి, తాత్కాలికంగా కాకినాడలో మొదలై, అక్కడే వుండిపోయింది. పేరు ఒక వూరిది, భోగం ఒక వూరిది. 1955లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదువు మొదలైంది. విశాఖకు ఉత్తరాన రాజాంలో, విజయనగరం పక్క చింతలవలసలో 1997లో ప్రైవేటు కాలేజీలు వెలిశాయి. 2001లో టెక్కలిలో మరొకటి. విజయనగరంలో 2007లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం వారి కాలేజీ, శ్రీకాకుళానికి 2016లో త్రిపుల్ ఐటీ మంజూరయ్యాయి. 2022లో విజయనగరం కాలేజీయే గురజాడ పేరుతో విశ్వవిద్యాలయం అయింది. ఫీజు తిరిగి చెల్లించే పథకం వచ్చాక కూలివాడి బిడ్డ కూడా ఆ గుమ్మం తొక్కగలిగాడు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నాకు పేచీ వుంది. గుమ్మం తొక్కడం పెద్ద విజయం. లోపల ఏం జరుగుతున్నదనేది దాని తరువాతి ప్రశ్న.

సాంకేతిక విశ్వవిద్యాలయానికి గురజాడ పేరు పెట్టినవారు ఆలోచించి పెట్టారో లేదో గాని, ఆ పేరు అక్కడ ఒక ప్రశ్నలా నిలబడింది. వ్యావహారిక భాషా వాదం కవుల సరదా కోసం పుట్టింది కాదు. అది బడిలో పుట్టిన వాదం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ, విశాఖలో కళాశాల అధ్యక్షుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల తనిఖీ అధికారి యేట్సు. వీళ్ళందరినీ 1906 ప్రాంతం నుంచి కలిపింది ఒకే సమస్య: పిల్లవాడు ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బడిలో రాయవలసిన భాష వేరొకటి అయినప్పుడు అతడి ఆలోచన ఏమవుతుంది? గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం ఆ సమస్య మీదనే. ఆనాడు ప్రభుత్వం ఒక అడుగు ముందుకు వేసి, పండితుల హోరుకు వెనక్కు తీసుకున్నది. మనం ఆ మహనీయులను సాహిత్య చరిత్రలో ప్రతిష్ఠించి, ఏటా ఆగస్టు 29న గిడుగు జయంతికి దండలు వేసి, వాళ్ళు వేసిన ప్రశ్నను మాత్రం సాహిత్యం గోడలు దాటనివ్వలేదు.

దాటనిచ్చి వుంటే సాంకేతిక పదాల సంగతి మరోలా వుండేది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి ఎంతో విలువైన పని చేసింది. ఆ పుస్తకాలే లేకపోతే నా తరం పల్లెటూరి పిల్లలు ఇంటర్మీడియట్ గట్టెక్కేవాళ్ళు కారు. కాని భ్రామకం, తన్యత, అభిలంబ ప్రతిచర్య, స్వేచ్ఛా వస్తు పటం. ఈ మాటలు విన్న పిల్లవాడికి ఇంగ్లీషు ఎంత దూరమో ఇవీ అంతే దూరం. స్వేచ్ఛా వస్తు పటం అన్నది చూడండి. ఇంగ్లీషు మాటకు మాట పెట్టిన అనువాదం. వస్తువుకు స్వేచ్ఛ ఏమిటి? అక్కడ చేసే పని, ఒక వస్తువును తక్కిన వాటినుంచి విడదీసి, దాన్ని తోసేవీ లాగేవీ అన్నీ గీయడం. ‘విడదీసిన బొమ్మ’ అంటే మేనల్లుడికి ఏం చెయ్యాలో పేరులోనే తెలిసేది. ఏతాం మీదా, బండి తోలకంలోనూ, కావిడి మోతలోనూ మన వాళ్ళు వాడే మాటలు వున్నాయి. తాడు బిగువు. నేల దన్ను. ఒరిపిడి. బండికి ముందు మొగ్గు, వెనక మొగ్గు. బరువు ముందుకు మొగ్గితే కాడి ఎద్దుల మెడ మీద పడుతుంది, వెనక్కు మొగ్గితే కాడి లేచిపోతుంది. భ్రామకం అనే భావన యావత్తూ ఆ ‘మొగ్గు’లో వుంది.

ఇందుకు జవాబుగా, ఇంగ్లీషే మేలు, రేపు ఉద్యోగం ఇచ్చేది అదే అంటారు. 2021–22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువులను ఇంగ్లీషు మాధ్యమానికి మార్చినప్పుడు చెప్పిందీ అదే. అదే 2021లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి ప్రాంతీయ భాషల్లో బి.టెక్.కు అనుమతిచ్చింది. ఈ రెండు శిబిరాలూ మాధ్యమం అంటే పాఠ్యపుస్తకం అచ్చయ్యే భాష అనుకుంటున్నాయి. హైదరాబాదులో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. 1929లో వచ్చిన ఇంజనీరింగు కాలేజీలోనూ ఉర్దూలోనే చెప్పారు. భారతీయ భాషలో ఇంజనీరింగు సాధ్యమేనని అది నిరూపించింది. అయితే అక్కడి జనంలో ఎక్కువమంది తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. పైగా అనువాద శాఖ కల్పించిన పదాల్లో అరబ్బీ, పారశీకం దండిగా వుండేవి. దేశభాష అయినంత మాత్రాన అది పిల్లవాడి నోటి భాష కానక్కరలేదు. నా మటుకు నాకు పుస్తకం ఇంగ్లీషులో వుండడం మీద అభ్యంతరం లేదు; వాదన ఇంగ్లీషులోనే జరగాలనడం మీద వుంది. మాటలు వెతుక్కునేవాడు తప్పు భావాన్ని వాదించలేడు. వాదించని తప్పు దిద్దుబాటు కాదు. మా తరగతుల్లో నిశ్శబ్దాన్ని క్రమశిక్షణ అంటున్నారు.

సంక్రాంతి తరువాత నాలుగు నెలలు ప్రతి ఆదివారం సాయంత్రం మా ఇంటి మేడ మీద ఏడుగురు పిల్లలు కూడారు. భౌతికశాస్త్రం మిత్రుడు ప్రశ్న వేస్తాడు, జవాబు చెప్పడు. నా పని, ఎవరూ పుస్తకం మాట వాడకుండా చూడడం. ‘బలం’ అనే మాటను పూర్తిగా నిషేధించాం. అనాలంటే ఏది దేన్ని తోస్తున్నదో, ఏది దేన్ని లాగుతున్నదో చెప్పి తీరాలి. మొదటి రెండు వారాలు ఏడుగురూ సిగ్గుపడ్డారు. తెలుగు రాక కాదు. తమ తెలుగు సినిమాల్లో హాస్యగాడు మాట్లాడే తెలుగు గనుక. ‘యేటి’, ‘అలగ’, ‘ఎల్లీసినాడు’ అన్న నోటితో న్యూటన్ను పలకవచ్చునని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మూడో వారానికి మేడ దద్దరిల్లింది. కింది వాటా వాళ్ళు గొడవేమిటని పైకి వచ్చారు.

అందరికంటె ఎక్కువ వాదన నడిచింది ఎద్దు-బండి ప్రశ్న మీద. ఎద్దు బండిని ఎంత లాగుతుందో బండి ఎద్దును అంతే వెనక్కు లాగుతుంది గదా, మరి బండి ఎలా కదులుతుంది? ఎద్దుకు బలం ఎక్కువ గనుక అని ఒకడు అనబోయి నాలిక కరుచుకున్నాడు. ముప్పావుగంట గడిచింది. ఎద్దును విడదీసి గీశారు, బండిని విడదీసి గీశారు. బొమ్మలో ఏదో తక్కువైంది. అదేమిటో తెలియడం లేదు. అప్పటిదాకా మూడు వారాలుగా పెదవి విప్పని అమ్మాయి ఒకతె వుంది. సీతంపేట కొండల్లోంచి వచ్చిన సవర పిల్ల. "వాన పడ్డాక కొండరాయి మీద కట్టెల మోపుతో దిగితే, ఎంత బలమున్న మనిషైనా జారిపోతాడు. రాయి కాలిని పట్టుకోవాల. ఎద్దుని నేల తోస్తే గదా ఎద్దు ఎల్లీది" అన్నది. అంతే. ఎద్దు గిట్టల కింద ఒక బాణం గీశారు. గిట్ట నేలను వెనక్కు తోస్తుంది, నేల గిట్టను ముందుకు తోస్తుంది. ఆ తోపు బండి లాగుడును మించినప్పుడు ఎద్దు వడి పుంజుకుంటుంది. బురదలో నేల దన్ను ఇవ్వదు, ఎద్దు అదే, బండి అదే, కదలదు. బలం ఎద్దులో లేదు. మేనల్లుడు ఆ బొమ్మను చాలాసేపు చూస్తూ వుండిపోయాడు.

ఏడుగురిలో అయిదుగురు ఆ పేపరు గట్టెక్కారు, మా మేనల్లుడితో సహా. ఇద్దరు తప్పారు. తప్పినవాళ్ళలో ఒకడు అందరికంటె బాగా వాదించినవాడే. పరీక్షలో అడిగింది మళ్ళీ పాత బొమ్మలే, వేగంగా చెయ్యవలసిన పాత లెక్కలే. ఏడుగురితో దేన్నీ నిరూపించలేనని నాకు తెలుసు. అరవైమంది వున్న గదిలో, సిలబస్ వారానికి ఇంత అని తరిమే అధ్యాపకుడికి, అందులోనూ నెల జీతం సరిగా అందని ప్రైవేటు కాలేజీ అధ్యాపకుడికి, ఇది చెయ్యమని సలహా ఇవ్వడానికి నోరు రాదు. కాని గంటకు ఒక్క ప్రశ్న వేసి అయిదు నిమిషాలు వాళ్ళ నోటికి వదిలిపెట్టడానికి ఏ ప్రభుత్వ ఉత్తరువూ అక్కరలేదు.

ఆ సవర అమ్మాయిని ఆ రోజు అందరూ వెళ్ళాక ఒక సంగతి అడిగాను. రాయి కాలిని పట్టుకోవడం అన్నావే, దాన్ని మీ ఇంట్లో ఏమంటారు అని. తెలుగు ఆ పిల్లకు రెండో భాష. నేను నోటి భాష, నోటి భాష అని మూడు వారాలుగా ఊదరగొట్టింది ఆ పిల్లకు పరాయి నోటినే. గిడుగు ఆ భాషను నేర్చుకుని, సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులు పెట్టి, పుస్తకాలు రాసి, 1931లో ఆ భాష మీద గ్రంథం వెలువరించాడు. ఆయనను గురించి నేను ఎం.ఏ.లో పది పుటల జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ అమ్మాయి ఒక మాట చెప్పింది. దాని చివర గొంతులో ఏదో చిన్నగా ఆగింది. పలకబోయాను, నవ్వింది. మళ్ళీ చెప్పమన్నాను.